డ్రమ్ము ఎవరు వాయిస్తున్నారు? ఇటలీ 'యంత్రాల' బ్లాక్ మెటల్‌లో ముందు ఏది వినాలి

అంతా చదివే ఓపిక లేనివాళ్ళు ఈ ఒక్క పేరా చదివి వెళ్ళిపోవచ్చు. రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దాదాపు 50 నిమిషాలు కదలకుండా కూర్చోగలిగితే, ప్రొజేనియె తెర్రెస్త్రె పూరా అనే బ్యాండ్ 2013లో తెచ్చిన ఆల్బమ్ 'యు.ఎమ్.ఎ.' వినండి. కూర్చోవడం నావల్ల కాదు, వేగం కావాలి, కోపం కావాలి అంటే అబోరిమ్ 2003లో తెచ్చిన 'విత్ నో హ్యూమన్ ఇంటర్వెన్షన్'. అరుపులు పడవు గానీ గుండె మీద బండ పెట్టినట్టుండే సంగీతం కావాలి అంటే వాయిడ్ ఆఫ్ సైలెన్స్ 2004లో చేసిన 'హ్యూమన్ యాంటిథెసిస్'. మూడూ ఇటలీవే. మనిషి చేసిన యంత్రం పక్కన మనిషి సంగతి ఏమిటి అన్న గొడవ మూడింట్లోనూ ఏదో ఒక రూపంలో ఉంది. జవాబులు మాత్రం ఒకదానికొకటి పొసగవు.

ఇక ఓపిక ఉన్నవాళ్ళ కోసం.

బ్లాక్ మెటల్ (హెవీ మెటల్ రాక్‌లో ఒక మొరటు శాఖ) అనగానే మనవాళ్ళలో చాలామందికి గుర్తొచ్చేది మొహానికి తెలుపు నలుపు రంగులు, నార్వే మంచు, తగలబడిన చర్చిలు. అవన్నీ నిజమే. కానీ వినడానికి కూర్చున్నప్పుడు తెలియాల్సినవి మూడే. గిటార్ తీగను ఆపకుండా, సన్నగా, వేగంగా మీటుతూ పోతారు. దాన్ని ట్రెమొలో అంటారు. వంద స్వరాలు మోగుతున్నా దూరం నుంచి వింటే తంబురా శ్రుతిలా ఒకే ముద్దగా వినిపిస్తుంది. కింద డ్రమ్ముల మీద బ్లాస్ట్ బీట్ నడుస్తుంది, అంటే కిక్కూ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) స్నేరూ (కర్రలతో కొట్టే చిన్న డ్రమ్ము) కలిపి ఊపిరి తీసుకోనివ్వకుండా దంచడం. పైన గొంతు చించుకునే అరుపు. రికార్డింగ్ కూడా కావాలనే గరుకుగా వదిలేస్తారు, శుభ్రంగా ఉంటే అబద్ధంలా ఉంటుందని.

1990ల మొదట్లో నార్వేలో ఈ సంగీతం రూపు కట్టుకున్నప్పుడు దాని చూపంతా వెనక్కే. అడవి, చలికాలం, క్రైస్తవం రాకముందు కాలం. ఫ్యాక్టరీ, కంప్యూటర్, నగరం అంటే ఆ కుర్రాళ్ళకు ఒళ్ళు మంట. అలాంటి సంగీతంలోకి డ్రమ్ మెషిన్ (ముందే ఎక్కించిన దెబ్బల్ని తనంతట తాను మోగించే పెట్టె) తెచ్చిపెట్టి, రోబోల గురించి, అంగారకుడి మీద ఎర్రమట్టి గురించి పాడటమంటే శివాలయంలో నామం పెట్టుకుని తిరగడం లాంటిది. చేసినవాళ్ళు తక్కువే, అందుకే గుర్తుండిపోయారు. నార్వేలోనే మిస్టికమ్ 1996లో మొదటి ఆల్బమ్ మొత్తం డ్రమ్ మెషిన్‌తో లాగించింది. స్విట్జర్లాండ్‌లో సమాయెల్ అదే ఏడాది 'ప్యాసేజ్' కోసం డ్రమ్ముల సెట్టు పక్కన పెట్టి ప్రోగ్రామింగ్‌కు మారింది. ఆ దారిలో ఇటలీ వాళ్ళు కాస్త వేరుగా నడిచారు.

ఇటలీకి యంత్రాల గోలతో పాత చుట్టరికం ఉంది. 1909లో కవి మారినెత్తి, వేగాన్నీ యంత్రాలనూ పొగిడే ఫ్యూచరిజం అనే కళా ఉద్యమానికి మేనిఫెస్టో అచ్చేయించి, పరుగెత్తే మోటారు కారు గ్రీకు శిల్పం కన్నా అందమైనదని చాటాడు. 1913లో అదే ఉద్యమంలోని చిత్రకారుడు లుయీజి రుస్సోలో ఇంకో అడుగు వేసి, ఫ్యాక్టరీ రొద, ట్రాము చక్రాల కీచు, ఇంజను గురగుర ఇవన్నీ సంగీతమే అని రాశాడు. రాసి ఊరుకోలేదు, గోల చేసే పెట్టెలు తయారుచేసి కచేరీలూ పెట్టాడు. ఈ బ్యాండ్లు నేరుగా ఆయన దగ్గర నేర్చుకున్నాయని నేననను. కాకపోతే ఒక తేడా వినిపిస్తుంది. ఫ్యూచరిస్టులకు యంత్రమంటే పెళ్ళికూతురు, ఈ బ్యాండ్లకు మాత్రం ఒకదానికి వారసుడు, ఇంకోదానికి డ్రగ్, మూడోదానికి సమాధి రాయి. నూరేళ్ళలో ఉత్సాహం ఎలా దిగిపోయిందో చూడండి.

ఇప్పుడు ఒక్కొక్కటీ.

ప్రొజేనియె తెర్రెస్త్రె పూరా అంటే 'స్వచ్ఛమైన భూసంతతి'. ఈశాన్య ఇటలీలోని వెనెటో ప్రాంతంలో 2009లో ఇద్దరు మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. ఆ ఇద్దరూ పెట్టుకున్న పేర్లు ఇయాన్ 0, నెక్స్ 1. సున్నా, ఒకటి. కంప్యూటర్‌కు తెలిసిన రెండు అంకెలు. మొహాలకు రంగు పూసుకునే బదులు మొహాన్నే తీసేసి అంకె పెట్టుకున్నారన్నమాట. బ్లాక్ మెటల్‌లో దెయ్యాల పేర్లు, పురాణాల పేర్లు పెట్టుకోవడం ఆనవాయితీ. దాంతో పోలిస్తే ఈ ఎంపిక చల్లగా, కొంచెం భయంగా కూడా ఉంటుంది.

'యు.ఎమ్.ఎ.' అనేవి 'ఉవొమిని, మాక్కినె, ఆనిమె' అనే మూడు ఇటాలియన్ మాటల మొదటి అక్షరాలు. మనుషులు, యంత్రాలు, ఆత్మలు. (కలిపి చదివితే 'ఉమ' అని వస్తుంది. మా ఇంట్లో ఈ ఆల్బమ్ పేరు అదే. "ఉమ పెట్టాడు, ఇక గంటసేపు పలకడు" అంటారు.) విడుదల చేసింది మిలాన్‌కు చెందిన అవాంగార్డ్ మ్యూజిక్ అనే లేబుల్, అంటే రికార్డుల కంపెనీ. పాటలు మొత్తం ఐదే. పేర్లు చూస్తేనే లోకం అర్థమవుతుంది: మొదటిది బ్యాండ్ పేరే, తర్వాత 'సోవ్రరోబోతికా', తర్వాత 'లా తెర్రా రోస్సా ది మార్తె' అంటే అంగారకుడి ఎర్ర నేల, తర్వాత 'ద్రోని', చివర 'సినాప్సి దివెల్తె' అంటే వేళ్ళతో సహా పెరికేసిన నాడీ సంధులు. ఆ 'ద్రోని' అనే మాటకు ఎగిరే యంత్రమనీ అర్థం చెప్పుకోవచ్చు, ఆగకుండా మోగే శ్రుతి అనీ చెప్పుకోవచ్చు. పాటల్లో రెండోదే ఎక్కువ వినిపిస్తుంది.

ఈ ఆల్బమ్ గొప్పదనం ఏమిటంటే, యంత్రం ఇందులో విలన్ కాదు. సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో రోబో తిరగబడటం చూసీ చూసీ మనకు విసుగొచ్చింది. ఇక్కడ ఆ గొడవే లేదు. మనిషి పోయాక మిగిలేది ఏమిటి, అది మన పిల్లలాంటిదేనా, దానికి ఆత్మ ఉంటుందా అని అడుగుతున్నట్టు ఉంటుంది. అందుకే అరుపు వెనకెక్కడో దూరంగా, రేడియోలో సిగ్నల్ అందీ అందనట్టు వినిపిస్తుంది. సింథసైజర్ పరుచుకుని ఉంటుంది, గిటార్ దాని మీద తేలుతుంది. బ్లాస్ట్ బీట్ ఉంది, చాలానే ఉంది, అయినా మీద పడి కొట్టదు. కిటికీ అవతల వర్షంలా దాని పాటికి అది కురుస్తూ ఉంటుంది.

ఇక్కడే నా అసలు కొలమానం చెప్పాలి. ఇలాంటి ఆల్బమ్‌లలో ఎంచుకోవాలంటే ఏది ఎక్కువ భారం, ఏది ఎక్కువ వేగం అని చూడకండి. డ్రమ్ము ఎవరు వాయిస్తున్నారో చూడండి. మనిషా, మెషినా?

మృదంగం కచేరీ విన్నవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. ఎంత కాలప్రమాణం ఉన్న విద్వాంసుడైనా తనియావర్తనంలో ఒక చోట చెయ్యి కాస్త ముందుకు దూకుతుంది, ఇంకో చోట వెనకపడి అందుకుంటుంది. మనం తల ఊపేది అక్కడే. మెషిన్‌లో అది ఉండదు. మొదటి దెబ్బా పదివేలో దెబ్బా ఒకటే బలం, ఒకటే దూరం. చాలామంది మెటల్ అభిమానులకు అదే నచ్చదు, ప్రాణం లేదంటారు. మామూలు ఆల్బమ్ అయితే నేనూ అదే అంటాను. కానీ పాట విషయమే 'ప్రాణం ఎక్కడుంది' అయినప్పుడు, ప్రాణం లేని డ్రమ్ము లోపం కాదు, పాత్ర. 'ఉమ'లో డ్రమ్ములు ప్రోగ్రామ్ చేసినవి, దాచే ప్రయత్నం కూడా పెద్దగా చేయలేదు. అలసట తెలియని దానితో అలసిపోయే గొంతు కలిసి పాడుతోంది. కథంతా అందులోనే ఉంది, ఇటాలియన్ ఒక్క ముక్క రాకపోయినా అందుతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మొదటిసారి వింటే ఐదు పాటలూ ఒక్కటే అనిపిస్తాయి. రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క) గుర్తుపెట్టుకుని బాత్‌రూమ్‌లో హమ్ చేసుకునే రకం కాదు. ఫోన్ స్పీకర్ మీద పెడితే సగం ఆల్బమ్ మాయమవుతుంది, ఉత్త బుసబుస మిగులుతుంది. నేను మొదట అలాగే విని, ఏముంది ఇందులో అని ఏడాది పాటు పక్కన పడేశాను. తప్పు నాదే.

ఆ తర్వాత ఈ ప్రాజెక్టు 2015లో 'ఆస్తెరోయిది' అనే చిన్న విడుదల, 2017లో 'ఓల్త్రెలూనా' అనే రెండో ఆల్బమ్, 2018లో 'స్టార్‌క్రాస్' అనే ఈపీ (ఆల్బమ్ కన్నా పొట్టి విడుదల) తెచ్చింది. వీటిలో ఏది ముందు అంటే నా ఓటు మళ్ళీ 'ఉమ'కే. 'ఓల్త్రెలూనా' అంటే చంద్రుడికి ఆవల. అందులో రంగులు ఎక్కువ, దెబ్బ కూడా ఎక్కువే, మెటల్ సెట్టులో మామూలుగా కనబడని వాయిద్యాల ధ్వనులూ దూరతాయి. 'ఉమ' మరీ మంచుగడ్డలా ఉంది అనిపించినవాళ్ళకు అదే నచ్చుతుంది. 'స్టార్‌క్రాస్'కు వచ్చేసరికి పాటల పేర్లు ఇంగ్లీషులోకి మారాయి. పాటలు పొట్టివయ్యాయి, కథ చెప్పే తొందర కనిపిస్తుంది. ఒక్క అరగంటే ఉంది, రుచి చూద్దాం అనుకునేవాళ్ళకు అది సుఖం. కానీ నాకు మాత్రం ఆ పాత నిదానమే ఇష్టం.

అబోరిమ్ సంగతి వేరు. ఇది ఒక్క ఆల్బమ్‌తో తేలిపోయే బ్యాండ్ కాదు. పుట్టింది దక్షిణ ఇటలీలోని తరాంతోలో, 1990ల మొదట్లో, పెరిగింది రోమ్‌లో. తరాంతో అంటే సముద్రతీరంలో యూరప్‌లోకెల్లా పెద్ద ఉక్కు ఫ్యాక్టరీల్లో ఒకటి ఉన్న ఊరు. విశాఖవాళ్ళు ఉక్కుకూ సముద్రానికీ మధ్య బతకడం ఎలా ఉంటుందో ఊహించుకోగలరు. బ్యాండ్ నడిపేది ఫబ్బన్. చుట్టూ ఉన్నవాళ్ళు మారుతూనే ఉంటారు, ఆయన మాత్రం ఉంటాడు.

మొదటి ఆల్బమ్ 1999లో వచ్చింది, పేరు 'కలి యుగ బిజార్'. తెలుగువాడికి ఈ పేరు చదవగానే నవ్వు రావడం సహజం. మనకు కలికాలమంటే సెల్‌ఫోన్ నుంచి చినిగిన జీన్స్ దాకా ఏదైనా కావచ్చు, మా అమ్మమ్మ టీవీలో ప్రకటన చూసి కూడా "కలికాలం నాయనా" అనేది. వీళ్ళు ఆ మాటను యూరప్‌లో తిరిగే 'యుగాంతం' భావనలోంచి తీసుకున్నారు. మన పురాణాలు వెతక్కండి, దొరకవు. కానీ కలియుగం గురించిన భయానికి టెక్నో బీట్ తగిలిస్తే ఎలా ఉంటుందన్న కుతూహలం ఉంటే ఒకసారి వినొచ్చు. ఎగుడుదిగుడుగా ఉంటుంది. అందరికీ చెప్పను.

2001లో 'ఫైర్ వాక్ విత్ అస్'. అప్పటికి గొంతు హంగేరీ గాయకుడు అత్తిలా చిహార్‌ది. నార్వే బ్యాండ్ మేహెమ్ 1994 ఆల్బమ్‌లో పాడినవాడే. ఆయన అరవడు, గొణుగుతాడు, మంత్రం చదువుతాడు, ఊపిరాడనట్టు మూలుగుతాడు. మనిషికీ ఇంకేదానికో మధ్య ఇరుక్కున్న గొంతు. యంత్రాల సంగీతానికి ఇంతకన్నా సరిపోయే గొంతును నేనింకా వినలేదు.

2003లో వచ్చింది 'విత్ నో హ్యూమన్ ఇంటర్వెన్షన్', ఇటలీ లేబుల్ కోడ్666 మీద. అబోరిమ్‌లో ఒక్కటే వినాలంటే ఇదే. పేరు 'మనిషి జోక్యం లేకుండా'. తీరా చూస్తే అంతమంది మనుషులు చెయ్యి పెట్టిన అబోరిమ్ ఆల్బమ్ అప్పటిదాకా లేదు! అత్తిలా ఉన్నాడు, నార్వే నుంచి కార్పాథియన్ ఫారెస్ట్ గాయకుడు నట్టెఫ్రోస్ట్ వచ్చాడు, ఇంకా బయటి బ్యాండ్లవాళ్ళు వచ్చి పోయారు. పెళ్ళింట్లో 'ఎవరూ రావద్దు' అని బోర్డు పెట్టినట్టుంది. కావాలని చేసిన ఎగతాళి కాకపోవచ్చు గానీ, నాకు ఆల్బమ్‌లో అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే. డ్రమ్ము మెషిన్‌ది, దాని చుట్టూ మనుషులు గుంపుగా చేరి అరుస్తున్నారు. 'ఉమ'లో మనిషి అంతరిక్షంలో ఒంటరి. ఇక్కడ మనిషి క్లబ్బులో, స్ట్రోబ్ లైట్ల కింద, ఏదో మింగి, బీట్ ఆగకూడదని కోరుకుంటూ ఉంటాడు. యంత్రం అతనికి శత్రువూ కాదు, వారసుడూ కాదు. అలవాటు. సాయంత్రమైతే చెయ్యి దాని కోసం వెతుక్కుంటుంది.

తర్వాత 2006లో 'జనరేటర్' వచ్చేసరికి తమాషా జరిగింది. డ్రమ్ముల ముందు మనిషి కూర్చున్నాడు. పాత ఎంపరర్ బ్యాండ్ డ్రమ్మర్ బోర్డ్ ఐథున్, 'ఫౌస్ట్' అని పిలుస్తారు. మైకు ముందు, ఇందాక చెప్పిన మిస్టికమ్ నుంచి ప్రైమ్ ఈవిల్. డ్రమ్ మెషిన్‌తో పేరు తెచ్చుకున్న బ్యాండ్ గాయకుడొచ్చి మనిషి వాయించే డ్రమ్ముల మీద పాడాడన్నమాట. ఫలితం మామూలు బ్లాక్ మెటల్‌కు దగ్గరగా ఉంటుంది, వాయిద్యం గొప్పగా ఉంటుంది. యంత్రం విషయంలో మాత్రం ఇది 2003 ఆల్బమ్ కన్నా తక్కువ మాట్లాడుతుందని నా అభిప్రాయం. మెటల్ ముందే వింటున్నవాళ్ళు, డ్రమ్ మెషిన్ పడనివాళ్ళు మాత్రం అబోరిమ్‌లోకి ఈ తలుపు నుంచే రావాలి.

ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి, ఎందుకంటే ఇది కొనాలా వద్దా అన్నదానికి సంబంధించింది. ఈ ఫౌస్ట్ 1992లో నార్వేలోని లిల్లెహామర్‌లో ఒక మనిషిని పొడిచి చంపాడు. 1994లో 14 ఏళ్ళ శిక్ష పడింది, 2003లో బయటికొచ్చాడు. చనిపోయిన వ్యక్తి స్వలింగ సంపర్కుడు. శిక్ష అనుభవించాక మళ్ళీ వాయించుకునే హక్కు అతనికి ఉందని కొందరంటారు, అతను వాయించింది నా డబ్బుతో వినలేనని కొందరంటారు. నేను రెండో గుంపుకే దగ్గర. మీకూ అలాగే అనిపిస్తే 'జనరేటర్', 2010లో వచ్చిన 'సైకోగ్రోటెస్క్', 2013లో వచ్చిన 'డర్టీ' పక్కన పెట్టండి, మూడింట్లోనూ డ్రమ్ములు అతనివే.

'సైకోగ్రోటెస్క్' గురించి ఒక ముక్క: పిచ్చాసుపత్రి గోడల మధ్య నడిచే కథ, పాటలకు పేర్లు లేవు, వరస అంకెలే. ఆ తర్వాత 2017లో 'షిఫ్టింగ్ నెగటివ్', 2021లో 'హాస్టైల్'. ఇక్కడికి వచ్చేసరికి బ్లాక్ మెటల్ దాదాపు వదిలేశారు, ఇండస్ట్రియల్ రాక్ (యంత్రాల చప్పుళ్ళు, ఎలక్ట్రానిక్ ధ్వనులు కలిపిన రాక్) అనాలి. ఎలక్ట్రానిక్ సంగీతం వింటూ మెటల్ అంటే బెదిరే స్నేహితుడు మీకు ఉంటే, వాడికి 'హాస్టైల్' ఇవ్వండి. మీకోసం అయితే అక్కడ మొదలుపెట్టకండి.

వాయిడ్ ఆఫ్ సైలెన్స్ గురించి తక్కువే చెబుతాను. ఇది రోమ్ బ్యాండ్, అసలు బ్లాక్ మెటల్ అనడం కూడా కష్టం, డూమ్ అంటారు. అంటే నత్తనడక. రెండో ఆల్బమ్‌లో అబోరిమ్ ఫబ్బనే పాడాడు. మూడోదైన 'హ్యూమన్ యాంటిథెసిస్'లో ఐర్లండ్ బ్యాండ్ ప్రిమార్డియల్ గాయకుడు అలన్ అవెరిల్ పాడాడు. టైటిల్ పాట ఒక్కటే 20 నిమిషాల చుట్టూ ఉంటుంది. యుద్ధం, ఉపన్యాసాల ముక్కలు, సైరన్లు, వాటి మధ్య ఒక మనిషి గొంతు నిజంగా పాడుతూ, బతిమాలుతున్నట్టు, తిడుతున్నట్టు. డ్రమ్ము మనిషిదే, ఎంత నెమ్మదిగా అంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య మీరు లెక్కపెట్టుకోవచ్చు. ఇక్కడ యంత్రం అంటే కంప్యూటర్ కాదు, ట్యాంకు. జవాబు కూడా సూటిగానే ఉంటుంది: చేయాల్సింది చేసేశాం, ఇక ఏడవడమే. 2010లో 'ద గ్రేవ్ ఆఫ్ సివిలైజేషన్' అని ఇంకో ఆల్బమ్ చేశారు. పేరే నాగరికత సమాధి కాబట్టి ఉల్లాసం ఆశించకండి.

ఇవి మూడూ పక్కపక్కన పెట్టుకుని ఎవరికి ఏది అంటే, నాకు తెలిసిన మనుషుల్ని ఊహించుకుని చెబుతాను.

మెటల్ కొత్త, కానీ సినిమాల బ్యాక్‌గ్రౌండ్ స్కోర్లు విడిగా పెట్టుకుని వినే అలవాటు ఉన్నవాళ్ళకు 'ఉమ'. మొదటి పది నిమిషాల్లో గొంతు అడ్డం పడితే పాట మార్చకండి, సౌండ్ కాస్త తగ్గించండి. ఆ గొంతును మాటగా కాకుండా ఒక వాయిద్యంగా వినడం అలవాటయ్యాక మళ్ళీ పెంచుకోవచ్చు. కోడింగ్ చేస్తూ వెనకాల పెట్టుకోవడానికి కూడా ఇది బాగా పనికొస్తుందని నా అనుభవం. తెలియని భాషలో పాటలు కాబట్టి మాటలు పనిలోకి దూరవు. కానీ అలా మాత్రమే వింటే సగమే విన్నట్టు.

జిమ్‌కో పరుగుకో కావాలంటే 'విత్ నో హ్యూమన్ ఇంటర్వెన్షన్'. మెషిన్ బీట్ కాబట్టి అడుగు తప్పదు. ఒక్కటే జాగ్రత్త, ఇందులో డ్రగ్స్, హింస, విధ్వంసం గురించి మాటలు నిండా ఉంటాయి. ఇంట్లో స్పీకర్‌లో పెట్టి పిల్లలు అర్థం అడిగితే టెన్షన్ మీకే. మనసు ఇప్పటికే బాగోలేని రోజుల్లో కూడా ఇది వద్దు, 'హ్యూమన్ యాంటిథెసిస్' అసలే వద్దు. అలాంటప్పుడు సంగీతం తోడుగా ఉంటుందనేవాళ్ళున్నారు, నాకు మాత్రం ఈ రెండూ తోడుగా కాకుండా బరువుగానే కూర్చున్నాయి.

కథ, సాహిత్యం ముఖ్యం అనుకునేవాళ్ళకు ఒక చిక్కుంది. 'ఉమ' సాహిత్యం ఇటాలియన్‌లో ఉంది. అనువాద యాప్‌లో వేస్తే అర్థం వస్తుంది గానీ కవిత్వం రాదు. నేను చేసేది చెబుతాను: ముందు పాట పేరు అర్థం ఒక్కటే తెలుసుకుని వింటాను. 'పెరికేసిన నాడీ సంధులు' అన్న మాట తెలిశాక ఆ చివరి పాట వినడం వేరు, తెలియక వినడం వేరు. మిగతా సాహిత్యం నాలుగోసారో ఐదోసారో చదివినా నష్టం లేదు. మొదటిరోజే అంతా అర్థం కావాలంటే వాయిడ్ ఆఫ్ సైలెన్స్ ఇంగ్లీషులో ఉంది, గొంతు కూడా స్పష్టం.

ఇప్పటికే నార్వే బ్లాక్ మెటల్ బాగా విన్నవాళ్ళకు నేను 'ఫైర్ వాక్ విత్ అస్' చెబుతాను, అత్తిలా కోసం. తర్వాత మిస్టికమ్ మొదటి ఆల్బమ్ పెట్టుకుని పోల్చి చూడండి. రెండింట్లోనూ డ్రమ్ మెషినే. మిస్టికమ్‌లో మెషిన్ గిటార్లకు కొరడా, అబోరిమ్‌లో మెషిన్ డ్యాన్స్ ఫ్లోరు. అదే పెట్టె, వేరే దేశం.

డబ్బు పెట్టే విషయానికొస్తే, ఇలాంటి చిన్న ప్రాజెక్టులకు స్ట్రీమింగ్ మీద వచ్చేది చాలా స్వల్పం. ఊరికే రుచి చూడటానికి స్ట్రీమింగ్ చాలు, నచ్చితే మాత్రం కొనండి. అవాంగార్డ్ మ్యూజిక్‌కు బ్యాండ్‌క్యాంప్‌లో (సంగీతం కొనుక్కునే వెబ్‌సైట్) దుకాణం ఉంది. అక్కడ డిజిటల్ ఆల్బమ్ కొంటే బ్యాండ్‌క్యాంప్ తన వాటాగా 15 శాతం తీసుకుంటుంది, వస్తువు కొంటే 10 శాతం. పేమెంట్ గేట్‌వే ఖర్చులు పోగా మిగిలింది అమ్మినవాళ్ళకు వెళ్తుంది. కొన్న ఫైల్‌ను ఫ్లాక్‌లో (నాణ్యత తగ్గని ఫైల్ రకం) దించుకోండి. ఎంపీ3లో తక్కువ బిట్‌రేట్ పెడితే ముందు చచ్చిపోయేది సింబల్స్ (డ్రమ్ముల పక్కనుండే లోహపు తాళాలు) మోత, ఈ సంగీతంలో పైభాగమంతా అదే. భారత్ నుంచి కొనేవాళ్ళు ముందుగా బ్యాంక్ యాప్‌లో కార్డుకు ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి. 2020లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన నిబంధన తర్వాత కొత్త కార్డుల్లో అది ఆఫ్‌లోనే వస్తుంది. నేను ఇది మర్చిపోయి మూడుసార్లు ప్రయత్నించి, కార్డు బ్లాక్ చేయించుకున్నాను.

సీడీ కావాలా, ఎల్పీ కావాలా? 'ఉమ'కు సీడీయే నయం. పాట మధ్యలో లేచి ప్లేట్ తిప్పాల్సి వస్తే ఆ మగత చెదిరిపోతుంది. పైగా ఇటలీ నుంచి ఎల్పీ తెప్పించుకుంటే పోస్టేజీ రికార్డు ధరతో పోటీ పడుతుంది, కస్టమ్స్ కడితే అది వేరే. అమెరికాలోనో యూరప్‌లోనో చుట్టాలుంటే వాళ్ళ అడ్రసుకు తెప్పించి, వాళ్ళు సెలవులకు వచ్చినప్పుడు సూట్‌కేసులో పెట్టించుకోవడం మన పాత పద్ధతి. సీడీ అయితే రెండు చీరల మధ్య ఇమిడిపోతుంది. ఎల్పీని మాత్రం చెక్-ఇన్ లగేజీలో వేయనివ్వకండి, వంగిపోయి వస్తుంది.

అబోరిమ్ పాత సీడీలు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి. కొనేముందు డిస్క్ ఫొటో అడగండి, కవర్ ఫొటో ఒక్కటే పెట్టే అమ్మకందారు దగ్గర ఆగండి. 'డర్టీ' రెండు డిస్కుల సెట్టు, రెండో డిస్కులో పాత పాటలు తిరిగి చేసినవీ ఇతరుల పాటలూ ఉంటాయి కాబట్టి, ఒక్క డిస్కే ఉన్న సెట్టుకు పూర్తి ధర ఇవ్వకండి.

నా అల్మరాలో ఇప్పటికి 'ఉమ' సీడీ ఒకటి, 'విత్ నో హ్యూమన్ ఇంటర్వెన్షన్' సీడీ ఒకటి ఉన్నాయి. 'ఓల్త్రెలూనా' ఫైల్‌గా ఉంది. వాయిడ్ ఆఫ్ సైలెన్స్ కొనలేదు, ఏడాదికి ఒకసారి స్ట్రీమింగ్‌లో వింటాను. అంతకన్నా ఎక్కువ నావల్ల కాదు.